కూర్మమ్మకు వచ్చిన చీటీ

నేను ఒక కంచు గంటను. గుప్పెట్లో ఇమిడేంత ఉంటాను. కంచు పనికి పేరున్న బుడితిలో నన్ను పోత పోసినాయన చెవి దగ్గర ఆడించి చూసి, గొంతు బాగుందని మురిసిపోయి, అదే రోజు అమ్మేశాడు. మనుషుల మెచ్చుకోలు ఎంత దూరం వస్తుందో నాకు అక్కడే తెలిసింది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఒక బడిలో హెడ్మాస్టరు బల్ల మీద ఉన్నాను. నేను మోగితే ప్యూను రావాలి. చాలాసార్లు వచ్చేవాడు కాదు. అక్కడ సోషల్ పాఠాలు చెప్పే వరహాలమ్మ గారు రిటైరవుతూ, శాలువా వద్దు, ఆ గంట ఇప్పించమని అడిగి నన్ను పలాస తీసుకొచ్చారు.

పలాసలో ఆవిడ ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ వెనక గదిలో చర్చ పెట్టేవారు. వచ్చేవాళ్ళు ఎక్కువమంది జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు. ఎవరు ఏ పక్షమో చీటీ తీసి తేలుస్తారు. మనిషికి ఐదు నిమిషాలు, నేను మోగితే ఆపాలి. జవాబు చెప్పే ముందు అవతలి మనిషి మాటను తిరిగి అప్పజెప్పాలి. ఆ మనిషి 'నేనన్నది అదే' అంటేనే తన మాట మొదలుపెట్టాలి. ఈ నియమమే అందరికీ కష్టం. సగం మంది ఎదుటివాళ్ళ మాట విననే లేదని ఇట్టే బయటపడేది.

ఆ ఏడు ఫ్యాక్టరీ ఓనరు పిక్కలు కొట్టే మిషన్లు తెస్తున్నానన్నాడు. పిక్కలు కొట్టే అరవై మందిలో సగం మంది ఇంటికేనని పుకారు. కూర్మమ్మ అందరికంటే పెద్ద గొంతుతో సమ్మె అంది. పద్దెనిమిదేళ్ళుగా పిక్కలు కొడుతున్న మనిషి, ఆమె మాటంటే అందరికీ గురి. సరే, సమ్మెకు ముందు ఒక్కసారి చర్చ పెడదామన్నారు వరహాలమ్మ గారు. కూర్మమ్మ చీటీ తీసింది. 'మిషను రావాలి' అని ఉంది.

"నా కడుపు కొట్టే మాట నా నోటితోనే అనమంటారేటి టీచరమ్మా?"

"ఓనరు రేపు అనబోయేదంతా నువ్వు ఇవాళే అనేయమ్మా. ఇంక ఆయన దగ్గర నీకు తెలియనిది ఏం మిగులుతుంది?"

కూర్మమ్మ మొదట ఓనరులా బొజ్జ నిమురుకుంటూ వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు. వరహాలమ్మ గారు నన్ను ఒక్కసారి ఆడించి, నమ్మి మాట్లాడమన్నారు. అప్పుడు కూర్మమ్మ తన చేతులకేసి చూసుకుంది. పిక్కలోంచి చిమ్మే జీడి నూనె తగిలి తగిలి తోలు ఊడి, నల్లబడిన చేతులు.

"ఈ సేతులతో అన్నం కలిపితే నా కూతురు తినదు. మిషనుకైతే తోలు ఊడదు కదా. ఈ పని నా బిడ్డకి రాకూడదని రోజూ దండం పెడతాను. మరి పని ఉండాలని సమ్మె ఎలా సేత్తాను?"

సరిగ్గా అప్పుడే ఐదు నిమిషాలు అయ్యాయి. వరహాలమ్మ గారు నన్ను మోగించారు. మోగకుండా ఉండాలనిపించింది కానీ నా చేతిలో ఏముంది. తర్వాత కూర్మమ్మే అంది, గంట కొట్టకపోతే ఏడుస్తూ కూచుందునని.

ఎదురు పక్షం ఊర్వశిది. పాతికేళ్ళు లేవు. ఆ మాటను అక్షరం పోకుండా తిరిగి చెప్పింది. కూర్మమ్మ తల ఊపింది. ఊర్వశి "మరి ఆ మిషను నడిపీది ఎవురు?" అని అడిగింది.

ఆ ప్రశ్నతో సమ్మె మాట పోయి, మిషను నడపడం తమకే నేర్పమని అడగాలన్న మాట వచ్చింది. బుధవారం ఆడవాళ్ళు ఓనరు దగ్గరికి వెళ్తూ నన్నూ సంచిలో వేసుకున్నారు. ఆయన ఏ ముక్క అన్నా కూర్మమ్మ ఆయనకంటే తేటగా తిరిగి చెప్పి, "మీరనీది ఇదే కదా బాబూ?" అనేది. ఆయన అవుననక తప్పేది కాదు. ఆ తర్వాతే జవాబు. మిషన్లు వచ్చాయి. వాటిని నడపడం పన్నెండు మంది ఆడవాళ్ళకు నేర్పారు. మిగతావాళ్ళను పొట్టు తీయడానికీ పప్పు ఏరడానికీ మార్చారు. చూపు ఆనదని ఆరుగురు పెద్దవాళ్ళను మాత్రం వద్దన్నారు.

ఊరంతా కూర్మమ్మను మెచ్చుకుంది. ఆమె మాత్రం ఒక ఆదివారం ఎర్రమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆ ఆరుగురిలో ఒకామె, నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి. ఈసారి చీటీలు వద్దని, నన్ను తనే పట్టుకుని, తనకు ఎదురు మాట్లాడమని ఎర్రమ్మతో అంది కూర్మమ్మ. ఎర్రమ్మకు ఐదు నిమిషాలూ పట్టలేదు.

కూర్మమ్మ నెమ్మదిగా తిరిగి చెప్పింది. "మమ్మల్ని వదిలేసి ఒప్పుకొచ్చీసినావు అంటున్నావు. అంతేనా?"

"అంతే."

"నువ్వన్నది నిజమే. రేపు మళ్ళీ ఎల్దాం. ఈపాలి నువ్వు మాట్లాడు."

సోమవారం పొద్దున్నే ఇద్దరూ నన్ను సంచిలో వేసుకుని ఓనరు గది ముందు నిలబడ్డారు. పిలుపు రాగానే ఎర్రమ్మ ముందు నడిచింది.