కొమ్ము ఊడిన పిల్లులు

మా ఇంట్లో వ్యాకరణం నాది, పెత్తనం మా ఆవిడది. అందుకే మా పిల్లుల విషయంలో వ్యాకరణం ఓడిపోయింది. ‘రెండు పిల్లులు ఉన్నాయి’ అని నేనంటే, ఉన్నాయేమిటి, అవేమన్నా కుర్చీలా, ఇద్దరున్నారు అనమని దిద్దేది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్ది ఇంటికొస్తే, నన్ను దిద్దడానికి ఇంట్లో ఒకరు సిద్ధంగా ఉండేవారు. కొన్నాళ్ళకు నా నోటికీ అలవాటైపోయింది. ‘అది తిన్నదా’ పోయి ‘వాడు తిన్నాడా’ వచ్చింది.

ఆ ఇద్దరిలో పెద్దవాడు తెల్లగా, గుండ్రంగా ఉంటాడు. ముడుచుకుని పడుకుంటే తల ఎక్కడో, తోక ఎక్కడో చెప్పడం కష్టం. వాడు సున్న. రెండోవాడు పొడుగు. ఒళ్ళు పొడుగు, తోక పొడుగు, గొంతు మరీ పొడుగు. ఆకలేసినా అరుస్తాడు, కడుపు నిండినా అరుస్తాడు. ప్రతిదానికీ దీర్ఘాలు తీస్తాడు కాబట్టి వాడు దీర్ఘం. ఒకసారి వంటింట్లో ఎలుక కనబడితే పట్టమని ఇద్దరికీ చెప్పి చూశాం. ఎలుక పట్టమంటే అలక పట్టారు. సున్నకు గీర ఎక్కువ, దీర్ఘానికి గీరడం ఎక్కువ. మా సోఫాలో దూది బయట ఉంటుంది, వీళ్ళు లోపల ఉంటారు. వాళ్ళ బొచ్చెలో బొచ్చు, మా కంచంలో బొచ్చు. నేను నల్ల ప్యాంటు వేసుకుని బయల్దేరితే ప్రెస్సుకు చేరేసరికి అది బూడిదరంగు ప్యాంటు.

ఆ గీరడమే మా కొంప ముంచింది. అప్పుడు మేమున్న ఇంటి ఓనరు ఒకరోజు వచ్చి, తలుపు మీద దీర్ఘంగాడి చేతిరాత చూసి, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. గోరంతను కొండంత చేస్తున్నారన్నాను. ఆ గోరు ఎవరిదో చూడమన్నాడు.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. ఎక్కడికెళ్ళినా ముందు వంటగది చూపించేవారు, తరవాత పెరడు చూపించేవారు, పిల్లుల మాట ఎత్తగానే దారి చూపించేవారు. మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. అక్కడికొచ్చిన పేషెంట్లను, నోరు తెరుచుకుని కుర్చీలో ఉండగానే, ఎక్కడైనా ఇల్లు ఖాళీ ఉందా అని అడిగేది. పాపం వాళ్ళు ‘ఆ’ అనేవారు. అది ఔనో, నొప్పో తెలిసేది కాదు.

నెలాఖరు దగ్గరపడుతున్న కొద్దీ మా ఆవిడకు మాటలు తగ్గిపోయాయి. వాళ్ళ తమ్ముడు ఫోను చేసి, ఇద్దర్నీ ఎవరికైనా ఇచ్చెయ్యక్కా, ఇల్లు దానంతటదే దొరుకుతుందని సలహా ఇచ్చాడు. ఆ పూట ఆమె భోజనం చెయ్యలేదు. సున్నను ఒళ్ళో పెట్టుకుని, దీర్ఘం వీపు నిమురుతూ కూర్చుంది. నాకు జోకులు రాని రోజంటూ ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ వారంలోనే ‘ఆ’ అన్న ఒకావిడ, పన్ను పీకించుకుని నోరు మూశాక, నిజంగానే ఒక ఫోను నంబరు ఇచ్చింది. రిటైరైన టీచరమ్మ ఉంది, చిన్నతరగతులకు అక్షరాలు నేర్పేది, పైన తనొక్కతే ఉంటుంది, కింది వాటా ఖాళీగా ఉంది అని చెప్పింది. నేను ప్రెస్సులోంచే ఫోను చేశాను. పక్కన మిషను దడదడమని తిరుగుతోంది.

“మాకు ఇద్దరు పిల్లులున్నారండీ” అని మొట్టమొదటే చెప్పేశాను. దాచిపెట్టి అద్దెకు దిగే ఉద్దేశం మాకు లేదు. టీచరమ్మ చాలా సంతోషించింది. ఇంట్లో సందడి లేక ఎన్నాళ్ళో అయిందట, తప్పకుండా రమ్మంది. అల్లరి చేస్తారా అని అడిగింది. పగలంతా పడుకుంటారు, సాయంత్రం మాత్రం గంతులేస్తారన్నాను. గోడలు పాడుచేస్తారా అంది. గోడల జోలికి పోరు, తలుపులు గీకుతారని నిజాయితీగా ఒప్పుకున్నాను. ఆ వయసులో అందరూ అంతే, తన తరగతిలో బల్లలన్నీ అలాగే గీకిపెట్టేవారంది. పాలు తాగుతారా అంటే, తాగుతారు గానీ సగం ఒలకబోస్తారన్నాను. ఆమె ఫోనులోనే నవ్వింది. ఇల్లు చూడకుండానే ఖాయం చేసి, ఇలాంటి మనిషి కూడా భూమ్మీద ఉంటుందా అనుకుంటూ పెట్టేశాను.

ఉంది. కాకపోతే ఆమె చెవిన పడినవి పిల్లులు కాదు, పిల్లలు. రాసి చూస్తే ఒక్క కొమ్ము తేడా. ఆ కొమ్మును మా మిషను మింగేసింది. ‘రెండు’, ‘ఉన్నాయి’ అని ఉంటే ఆవిడకు అనుమానమన్నా వచ్చేది. నేనేమో ‘ఇద్దరు’, ‘ఉన్నారు’ అని ముగ్గు వేసినంత చక్కగా దారి వేసిచ్చాను. పిల్లులకు కొమ్ములుంటాయనీ, అవి ఊడితే పిల్లలైపోతాయనీ అందరికన్నా ముందు నాకే తెలియాలి. నా ఉద్యోగమే కొమ్ములు ఉన్నాయా లేదా అని చూడడం.

ఈ సంగతి మాకు సామాను వ్యాను ఆగిన చోట తెలిసింది. గేటు మీద ‘జంతువులను పెంచువారికి ఇల్లు ఇవ్వబడదు’ అని బోర్డు ఉంది. వరండాలో కొత్తగా రంగు వేసిన చెక్కగుర్రం ఉంది. పక్కనే, నడుం ఎత్తున, గోడకు ఒక చిన్న నల్లబల్ల. మా ఆవిడ బోర్డును చూసింది, గుర్రాన్ని చూసింది, ఆఖర్న నన్ను చూసింది. ఆ చూపులన్నిట్లో ఆఖరిదే కాస్త ఎక్కువసేపు సాగింది. పిల్లులున్న బుట్ట మీద దుప్పటి కప్పి ఉంది. అదృష్టం బాగుండి, ప్రయాణం బడలికతో దీర్ఘంగాడు హ్రస్వమైపోయి పడుకున్నాడు.

“పిల్లలేరి?” అంది టీచరమ్మ, మెట్లు దిగి వస్తూనే.

రోజూ పిల్లులకు పాలు పోసే నాకు ఆ క్షణాన ఏమీ పాలుపోలేదు. నా నోరు మాత్రం నన్నడక్కుండా, వాళ్ళ అమ్మమ్మ దగ్గరున్నారు, రేపోమాపో వస్తారని చెప్పేసింది. మా ఆవిడ నా కాలు తొక్కింది గానీ అప్పటికే మాట దాటిపోయింది.

లోపలికెళ్ళి ఆమె సామాను సర్దుతూ నన్ను కూడా సర్దింది. ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పమంది. నాలుగు రోజులాగి చెబుదాం, ఈలోగా మనమంటే కాస్త ఇష్టం ఏర్పడుతుందన్నాను.

“ఇష్టం ఏర్పడ్డాక చెబితే ఇంకా బాధపడుతుందండీ” అంది.

ఆ మాట నిజమే. కానీ వేరే ఇల్లు లేదు. ఇక్కడా కాదన్నారంటే ఇక మిగిలింది వాళ్ళ తమ్ముడి సలహా ఒక్కటే. అది తలుచుకుని ఆమె కూడా ఊరుకుంది. చెప్పాలా వద్దా అని నేను గోడ మీద పిల్లినయ్యాను. అసలు పిల్లులు మాత్రం సోఫా మీద హాయిగా ఉన్నాయి. క్షమించాలి, ఉన్నారు.

కిటికీలు మూసి, తలుపుకు తాళం వేసి ఇద్దరం పనులకు వెళ్ళేవాళ్ళం. టీచరమ్మ మెట్ల మీద ఎదురైనప్పుడల్లా అడిగేది. అడుగుల చప్పుడు వినపడింది, పిల్లలొచ్చారా అంది. వచ్చారండీ అన్నాను. పైకి పంపమంది. నిద్రపోతున్నారన్నాను. మర్నాడు అడిగితే మంచం కిందకు దూరారు, ఎంత పిలిచినా రావట్లేదన్నాను. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే చెబుతూ పచ్చి అబద్ధంలో బతకడం ఎలాగో ఆ వారం నేర్చుకున్నాను.

అటు ఆవిడ మనసులో ఏం ఉడుకుతోందో మాకు తెలియదు. ఒకరోజు ప్రెస్సులో కరెంటు పోయి, మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. మా తలుపు ముందు కుర్చీ వేసుకుని టీచరమ్మ కూర్చుని ఉంది. వరండాలోని నల్లబల్లను ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. చేతిలో సుద్దముక్క. తాళం వేసిన తలుపు వైపు వంగి, మెల్లగా చెబుతోంది.

“ఇప్పుడు ‘మ’. గట్టిగా చెప్పు నాన్నా, భయం లేదు.”

తలుపు వెనక నుంచి దీర్ఘంగాడు, “మ్యా...” అన్నాడు.

“ఉత్త ‘మ’ చాలు. యావత్తు అక్కర్లేదు.”

“మ్యా...”

“సరే, నీకు అలాగే బాగుందా? అలాగే అను.”

నవ్వొచ్చింది, నిజం చెప్పాలి. అంతలో ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మీరు అసలు కన్నవాళ్ళేనా?” అంది. “పొద్దున తాళం పెడితే సాయంత్రం దాకా తియ్యరు. వాడు లోపల్నుంచి తలుపు గీకుతుంటే నాకు అన్నం దిగట్లేదు. మాట కూడా సరిగ్గా రాలేదు వాడికి. ఒక్క అక్షరం చెబితే ఎంత ఆశగా పలుకుతున్నాడో విన్నారా? తియ్యండి తాళం. తీస్తారా, పోలీసులకు ఫోను చెయ్యనా?”

తాళం తీశాను. మొదట దీర్ఘం వచ్చి, తోక నిలబెట్టి, ఆవిడ కాళ్ళకు ఒళ్ళు రుద్దాడు. వెనక సున్న, పెళ్ళివారింటి పెద్దలా తీరిగ్గా నడిచి వచ్చాడు. ఆవిడ వాళ్ళను దాటుకుని లోపలికి వెళ్ళింది. వంటగది చూసింది, మంచం కిందకు వంగి చూసింది, పరదా పక్కకు తీసి చూసింది. బయటికొచ్చి పిల్లలెక్కడని అడిగింది.

“వీళ్ళేనండీ” అన్నాను.

ఆవిడ వేళ్ళకంటిన సుద్దను కొంగుకు తుడుచుకుని, నల్లబల్ల అక్కడే వదిలేసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన కుర్చీలోకి సున్నగాడు ఎక్కాడు. వాడికి పరిస్థితులతో పనిలేదు, కుర్చీతోనే పని.

మా ఆవిడ పనినుంచి రాగానే జరిగింది చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. భుజానికున్న సంచీ కూడా దించకుండా, పదండి పైకి అంది.

టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. కూర్చోమనలేదు. నిలబడే మా ఆవిడ మొదలుపెట్టింది.

“మాకు పిల్లలు లేరండీ. మిమ్మల్ని మోసం చెయ్యాలని కాదు. ఫోనులో ఈయన పిల్లులనే చెప్పారు. ఇద్దరున్నారు అని అనడం మాత్రం నావల్లే. వాళ్ళను అదీ ఇదీ అంటే నాకు మనసొప్పదు. దిగిన రోజే చెప్పాల్సింది, భయపడ్డాం. వేరే ఇల్లు దొరికేదాకా ఉండనివ్వండి, చాలు.”

“ప్రెస్సులో అక్షరాలు దిద్దుతానన్న మనిషి ‘పిల్లులున్నారు’ అంటాడా?” అంది టీచరమ్మ నాకేసి చూసి.

“ఆ చదువు ప్రెస్సు గేటు దాకానే పనిచేస్తుందండీ” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కింద దీర్ఘంగాడు ఒకటే అరుపు. రోజూ ఆ వేళకు వాడికి తిండి పెడతాం, ఇవాళ ఎవరూ పట్టించుకోలేదు. పాఠం మధ్యలో ఆగిపోయిందనే అరుస్తున్నాడేమో, నాకు తెలియదు.

“బడి వదిలాక ఎవరికీ అక్షరం చెప్పలేదు” అంది ఆవిడ, మాతో కాదన్నట్టు. “ఈ వారమంతా మీరు వెళ్ళగానే దిగి వచ్చి అక్కడే కూర్చున్నాను. చెప్పిందానికల్లా బదులు పలికాడు. మా తరగతిలో పలికినవాళ్ళకంటే శ్రద్ధగా పలికాడు.” మావైపు తిరిగి, “వాళ్ళు మధ్యాహ్నం ఏం తింటారు?” అంది.

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ విన్నాను. ‘వాళ్ళు’. ‘తింటారు’. జీవితంలో మొదటిసారి, కళ్ళెదుట రెండు తప్పులు కనబడుతున్నా దిద్దకుండా వదిలేశాను.

మధ్యాహ్నం ఏమీ పెట్టం, పొద్దున పెట్టి వెళ్తే సాయంత్రమే అని మా ఆవిడ చెప్పింది. టీచరమ్మకు అది నచ్చలేదు. రేపట్నుంచి తాళంచెవి తనకిచ్చి వెళ్ళమంది. పిల్లులనైనా సరే, పిల్లలనైనా సరే, అంతసేపు మూసిన ఇంట్లో ఉంచడం తప్పంది. వేరే ఇల్లు వెతుక్కోవాలా అని మేమడగలేదు, వద్దని ఆవిడా చెప్పలేదు. తాళంచెవి మాత్రం అప్పుడే, అక్కడే, ఆవిడ చేతిలో పెట్టేశాం.

అప్పట్నుంచీ సాయంత్రం మేము ఇల్లు చేరగానే పైనుంచి పిలుపొస్తుంది. చెప్పులు విప్పి ఇద్దరం పైకెళ్ళి నిలబడతాం. సున్న ఆవిడ మంచం మీద ఉంటాడు, దీర్ఘం ఆవిడ బీరువా మీద ఉంటాడు, ఆవిడ కోపంగా ఉంటుంది. పెద్దవాడు కళ్ళజోడు బల్ల మీంచి కిందకు తోశాడంటుంది. పొరపాటున కాదట, కళ్ళలోకి సూటిగా చూస్తూ తోశాడట. చిన్నవాడు పరదా పట్టుకుని పిల్లిమొగ్గలేశాడంటుంది. ఇంట్లో అసలేం నేర్పుతున్నారని మమ్మల్ని నిలదీస్తుంది.

నా స్నేహితులు చాలామంది ఇలా బడివాళ్ళు పిలిస్తే వెళ్ళి, తలొంచుకుని, తమ పిల్లల మీద చాడీలు వినొచ్చినవాళ్ళే. వచ్చి నాతో చెప్పుకుని వాపోయేవారు. వాళ్ళు వాపోతుంటే పక్కగదిలో మా ఆవిడ చేస్తున్న పని ఆపి వినేది. ఇప్పుడు నా పక్కన నిలబడి, ముఖం వెలిగిపోతుండగా, తప్పయిపోయిందండీ అని ఒప్పుకుంటుంటే, ఈ తిట్లు మాకు పెట్టినావిడకు ఎన్ని దండాలు పెట్టినా రుణం తీరదనిపిస్తుంది.

నిన్న కూడా మా ఆవిడ అంతా విని, ఇక వెళ్ళమన్నా కదలకుండా నిలబడింది.

“ఇంకేమన్నా చేశారా టీచరుగారూ?” అంది.

“చెయ్యకేం? కూర్చోండి, చెప్తాను” అందావిడ.

కూర్చున్నాం.