రెండో జడ

పరాయి దేశంలో ఎవరి పిల్లల్నో ఐదేళ్ళు పెంచి తిరిగొచ్చిన మరదలికి ఆమె కూతుర్ని ఎలా అప్పజెప్పాలో, సంక్షేమ కార్యాలయం వాళ్ళు మేనత్తకు నేర్పారు. పిల్ల ఏం తింటుంది, దేనికి భయపడుతుంది వగైరా రాయమని ఫారం ఇచ్చారు. పైగా ఒక నియమం: పెంచినవాళ్ళు పదిహేను రోజులు పిల్ల జోలికి వెళ్ళకూడదు.

"మరి నేనేం చెయ్యాలి?"

"మీరు విశ్రాంతి తీసుకోండమ్మా," అంది అక్కడి ఉద్యోగిని, వరమిచ్చినట్టు.

మేనత్త ఫారమంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. ఒక్కటి మాత్రం రాయలేదు: తల దువ్వేటప్పుడు కుదుళ్ళు గట్టిగా పట్టుకుని, కింది కొసల నుంచి చిక్కు తీయాలి. లేకపోతే పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంది. మరిచిపోయి మానలేదు.

మరదలిది ఎదురిల్లే కాబట్టి, అప్పజెప్పిన మర్నాడు పొద్దున్నే కేకలు వినబడ్డాయి. పిల్ల పిచ్చుకగూడు లాంటి తలతో బడి బస్సెక్కింది. ఆ పూట మేనత్తకు కాఫీ మహా రుచిగా అనిపించింది. రెండో రోజూ అంతే. మూడో రోజు కేకలకు బదులు కిలకిలలు. మేనత్త కాఫీ సగంలోనే పక్కన పెట్టేసింది. ఐదేళ్ళు తను దువ్వితే ఒక్కనాడైనా నవ్విందా!

ఇంతలో మరదలు పిల్లను లాక్కుంటూ వచ్చేసింది. "వదినా, రూలు సంగతి తర్వాత. ఒక్క జడకే అరగంట పట్టింది. రెండోది మీరు వేసెయ్యరూ?"

"చిక్కెలా తీశావు?"

"నేనే నేర్పానత్తా!" అంది పిల్ల గర్వంగా.

ఆ మొదటి జడ చెవి మీద మొదలై వానపాములా మెలికలు తిరిగింది. మేనత్త వేళ్ళు ఉవ్విళ్ళూరాయి. నున్నగా ఒక్క జడ వేస్తే చాలు, బడంతా పోల్చి చూస్తుంది.

"రెండూ ఒకేలా లేకపోతే నవ్వుతారత్తా."

"అయితే అది విప్పేసి మళ్ళీ వేస్తా."

పిల్ల జడను రెండు చేతులతో పట్టేసుకుంది. "ఊహూఁ. అమ్మ వేసింది."

మేనత్త దువ్వెన అందుకుంది. తర్వాత పాయలు ఎగుడుదిగుడుగా తీసి, వచ్చిన విద్యను మెలిక మెలికకీ చంపుకుంటూ అల్లింది. తిన్నగా వేసేదానికన్నా రెట్టింపు సేపు పట్టింది.

"అయ్యో వదినా, మీకూ ఇంతే వచ్చా!" అని మరదలు మురిసిపోయింది.

"ఆఁ, నిన్ను చూసి నేర్చుకుంటున్నా," అంది మేనత్త పంటి బిగువున.