పాత డబ్బాలో విమానం

“ఆ డబ్బాను పాత సామాన్లోనికి ఏసెయ్యి. దుకాణంకు ల్యాప్‌టాప్ తెస్తున్న,” అన్నాడు విలాస్, జొన్నరొట్టె తుంచుతూ.

మంగళ పెనం మీద రెండో రొట్టె తిప్పుతోంది. డబ్బా అంటే వంటింటి పక్క గదిలో ఉన్న కంప్యూటర్. కూతురు కోమల్ బడిలో ఉండగా కొన్నది. కోమల్ చదువు ముగించుకొని పుణెకు ఉద్యోగానికి పోయింది, కంప్యూటర్ దుకాణం లెక్కలకు మిగిలింది. నాందేడ్‌లోని వజీరాబాద్‌లో వాళ్లకు స్టీలు గిన్నెల దుకాణం. ఆ బిల్లులన్నీ ఒక సంచిలో రోజూ ఇంటికొస్తాయి. అంట్లు తోమి, పొయ్యి తుడిచి, అత్తగారి మోకాళ్లకు నూనె రాసి, అప్పుడు మంగళ కూర్చుని ఒక్కొక్కటే ఎక్కించాలి. “ఇంట్ల కూసుండి చేసేదే గద,” అంటాడు విలాస్. పెళ్లయిన కొత్తలో గోధుమలు బాగుచేస్తున్నప్పుడూ ఇదే మాట, పాప పుట్టినప్పుడూ ఇదే మాట. ఇంట్లో కూర్చుంది ఎప్పుడో మంగళకు మాత్రం గుర్తు లేదు.

“పారేసుడు ఎందుకు, నేనుంచుకుంట,” అంది.

“నువ్వా? ఏం చేస్తవే దాన్తోని?”

“చూస్త.”

విలాస్ నవ్వి తల్లి వైపు చూశాడు. తల్లి రఖమాబాయి గోడకు ఆనుకొని పాలలో రొట్టె నానబెట్టుకుంటోంది. “ఉంచుకోనియ్యి తియ్, దేవుని ముందట దీపం పెట్టుకుంటది,” అంది ఆమె. తల్లీకొడుకులు కాసేపు నవ్వుకున్నారు. “సరె, ఉంచుకో. నీదే,” అన్నాడు విలాస్, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ. ఆ ‘నీదే’ అన్న మాట అత్తగారి ముందే అనడం మంగళకు బాగా నచ్చింది. తన సంసారంలో ఆ మాట విని చాలా కాలమైంది.

ఏం చేస్తుందో చెప్పి ఉంటే ఇంకా నవ్వేవాళ్లు. మొన్న ఎండాకాలంలో విలాస్, అతని తమ్ముడి కుటుంబం అంతా కలిసి విమానంలో హైదరాబాదు, అక్కడి నుంచి తిరుపతి పోయివచ్చారు. అమ్మను ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ మంగళను అడగలేదు, అడగకుండానే జవాబు కుదిరిపోయింది. దారికి పులిహోర, అటుకుల చివ్డా ఆమే కట్టి ఇచ్చింది. తిరిగొచ్చాక విలాస్ మంచం మీద కాళ్లు చాపి చెప్పాడు. “గోదారి పైకెళ్లి చూస్తె తాడు లెక్క ఉంటది మంగళా. చెప్తె నీకు అర్థంకాదులే, అది చూడాలె.” ఆమె లడ్డూ ప్రసాదం డబ్బాలో సర్దుతోంది. అర్థం కాదన్న మాట ఆమెను ముల్లులా పట్టుకుంది. ఆ తర్వాత మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నప్పుడల్లా విమానం చప్పుడు వినపడితే చేతిలో తడి చీర పట్టుకొని అట్లే నిలబడిపోయేది. ఆ కిటికీల వెనక ఎవరో కూర్చుని తన ఊరిని చూస్తున్నారు. తన మిద్దెను, బట్టల తీగను, తనను కూడా చూస్తున్నారేమో. ఆమెకు మాత్రం వాళ్ల పొట్ట కింది తెల్లదనం తప్ప ఏమీ కనపడదు.

ఒక రోజు వెల్లుల్లి ఒలుస్తూ ఫోన్ చూస్తుంటే అది దొరికింది. ఎవరో ఒకాయన ఇంట్లో కుర్చీలో కూర్చుని, కంప్యూటర్‌లో విమానం నడుపుతున్నాడు. ఆట కాదు, నిజం విమానానికి ఉన్న మీటలన్నీ ఉన్నాయి, కింద భూమి మొత్తం ఉంది, ఏ ఊరి నుంచైనా లేవొచ్చు. సిమ్యులేటర్ అంటారట. ఉచితంగా దొరికేది కూడా ఒకటుంది. మంగళ వెల్లుల్లి చేతులతోనే ఫోన్ దగ్గరికి జరుపుకుంది. ఏ ఊరి నుంచైనా అంటే నాందేడ్ నుంచి కూడానా? ఉంది. నాందేడ్ ఉంది.

దాన్ని పాత డబ్బాలో ఎక్కించి చూసింది. పొద్దున పెడితే సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు దిగింది. తెర మీద రన్‌వే వచ్చింది. విమానం ఒక అడుగు వేసి ఆగింది, ఊపిరి పీల్చుకొని ఇంకో అడుగు వేసింది, అచ్చం అత్తగారు మెట్లెక్కినట్టు. కాసేపటికి బొమ్మ గడ్డకట్టింది, లోపల ఫ్యాను గోల పెట్టింది, మొత్తం ఆరిపోయింది.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. మంగళ పప్పు ఉడికే వేళల్లో, అన్నం వార్చే వేళల్లో, కుక్కర్ కూత పెట్టే లోపల హిందీ వీడియోలు చూసి నేర్చుకుంది. కొత్త కంప్యూటర్ కొనడం తన వల్ల కాదు, పాతదాన్నే బతికించుకోవాలి. ముందు మార్చాల్సింది డిస్కు. కొత్త రకం డిస్కు పెడితే మెషీన్ మీట నొక్కగానే లేస్తుంది. తర్వాత ర్యామ్, అంటే ఒకేసారి ఎంత పట్టుకోగలదో ఆ సత్తువ. ఆఖరుకు బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు, అది వాడినదైనా చాలు. కాని తన డబ్బాలో కరెంటు ఇచ్చే పెట్టె చిన్నది, పెద్ద కార్డును మోయలేదు. వేరే తీగ అడగని చిన్న కార్డే కావాలి. ఇంటి ఖర్చు ఎంతలో నడపాలో తెలిసిన మనిషికి ఈ లెక్క కొత్తదేం కాదు. ఆ నెల గల్లీ ఆడవాళ్ల భిశీ చీటీ ఆమె పేరున తేలింది. భిశీ ఎత్తితే అత్తగారికి దేవుని ముందు పెట్టే వెండి సమె దీపం కొంటానని మాట ఇచ్చి ఉంది. మొదటిసారి మంగళ మాట తప్పింది.

కంప్యూటర్ సామాన్ల గల్లీలో దుకాణదారుడు ఆమె చేతిలోని కాగితం చూసి, “బేటేకే లియే?” అన్నాడు, కొడుక్కా అన్నట్టు.

“నై. మేరే లియే.”

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. భర్తకా అని ఇంకోసారి అడిగాడు, ఆమె ఇంకోసారి తనకే అంది. ఆ మాట రెండుసార్లు పైకి అనేసరికి చెవులు వేడెక్కాయి. పట్టుకొచ్చిన ర్యామ్ తీరా ఇంటికొచ్చి వీడియోలోని బొమ్మతో పోల్చి చూస్తే గాడి కలవలేదు, రకం తప్పు రాసుకుంది. మళ్లీ పోయింది. ఆయన నవ్వాడు, ఆమె కూడా నవ్వింది, మార్చి ఇచ్చాడు.

మధ్యాహ్నం కుట్టుమిషన్ సొరుగులోని స్క్రూడ్రైవర్‌తో డబ్బా పక్క రేకు విప్పింది. విప్పి, తల వంచి లోపలికి చూసింది. లోపలంతా ఎర్రగా ఉంది. ఫ్యాను రెక్కలు ఎరుపు, దాని కింది రేకులు ఎరుపు, మూలల్లో పసుపు పేరుకొని ఉంది, తీగల మధ్యలో బియ్యపు గింజలు. దీపావళికి దుకాణం వాళ్లు లక్ష్మీపూజలో లెక్కల పుస్తకాలకు బొట్టు పెడతారు. లెక్కలు డబ్బాలోకి చేరినప్పటి నుంచి రఖమాబాయి ఏటేటా డబ్బాకే పసుపు కుంకుమలు చల్లి అక్షింతలు వేస్తోంది. పైన ఉన్నవి గాలి రంధ్రాలని ఎవరికి తెలుసు? పక్కనే వంటిల్లు, పోపు నూనె ఆవిరి తగిలి అదంతా లోపల ముద్దకట్టింది.

“ఏందే, లక్ష్మి పొట్ట ఇప్పినవా?” వెనక నుంచి అత్తగారి గొంతు.

“ఇటు రాండ్రి అత్తమ్మా. చూడుండ్రి.”

రఖమాబాయి తిట్టడానికే వచ్చింది. మంగళ పాత పళ్ల బ్రష్‌తో ఫ్యాను రెక్కలు తోముతుంటే కుంకుమ పెచ్చులు కాగితం మీద రాలుతున్నాయి. ఆమె నడుం వంచి చూసింది, ఒక గింజ వేళ్ల మధ్య తీసుకొని నలిపింది. తన చేత్తో వేసిన అక్షింతే.

“అయ్యో... గిన్నేండ్ల సంది దీని గొంతుల నేనే పోసిన్నా?”

“పూజనే చేసినరు గద.”

“పూజనే చేసిన,” అంది ఆమె, తనలో తాను. కోడలి నెత్తి మీద ఎప్పుడో పెళ్లిలో వేసిన అక్షింతలు గుర్తొచ్చాయో ఏమో, మంగళ మొహం వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. కుంకుమను తొక్కకూడదని కాగితం మడిచి తులసి మొదట్లో పోసి వచ్చింది. వస్తూ వెదురు మోడా కూడా తెచ్చుకొని పక్కన కూర్చుంది. వెండి సమె సంగతి అడగలేదు.

పాత డిస్కు పక్కనే కొత్తది బిగించి, రబ్బరుతో ర్యామ్ అంచులు తుడిచి, కార్డు టక్కున కూర్చోబెట్టి, రేకు బిగించి మంగళ మీట నొక్కింది. ఫ్యాను చప్పుడే లేదు. పనిచేయడం లేదేమో అనుకుంది, ఇంతలో తెర వెలిగిపోయింది. తన చేతులు. రొట్టెలు కొట్టే, మోకాళ్లకు నూనె రాసే ఈ చేతులే. వాటిని తిప్పి తిప్పి చూసుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె నాందేడ్ నుంచి లేచింది. సరిగ్గా లేవడానికి ముందు పడరాని చోటల్లా పడింది, పొలంలో, గోడకు, ఒకసారి నేరుగా గోదావరిలో. మళ్లీ మొదలు పెట్టినప్పుడు వేగం అందుకోగానే మౌసుతో విమానం పుల్లను మెల్లగా వెనక్కి లాగింది. నేల చప్పుడు ఆగిపోయింది. రన్‌వే కిందికి జారింది, చెట్లు జారాయి, ఊరు చాప విప్పినట్టు పరుచుకుంది. అప్పుడు గోదావరి కనపడింది. మంగళ తెర దగ్గరికి వంగింది. తాడు కాదది. ఏ కోశానా తాడు కాదు. ఎండ తగిలి మెరుస్తూ, తిరిగి తిరిగి, ఎక్కడో పుట్టి ఎక్కడికో పోతున్న నీళ్లు, ఒడ్డున చీరల మూటతో ఎన్నోసార్లు కూర్చుని కూడా ఆమె ఎన్నడూ చూడని గోదావరి. విష్ణుపురి ఆనకట్ట దగ్గర అంత నీరు నిలిచి ఆకాశాన్ని మోస్తోంది. చెప్తే అర్థం కాదన్నాడు. ఎందుకు కాదు? కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అర్థమవుతూనే ఉంది. తన ఇల్లు కోసం వెతికింది. వజీరాబాద్ ఇక్కడ, సందు ఇక్కడ... బూడిద రంగు మరక తప్ప ఏమీ లేదు. ఇల్లు లేదు, వంటిల్లు లేదు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో తలచుకుంటూ నిద్రపట్టక దొర్లిన గది, ‘కూర ఉప్పగున్నది’ అని మరిది పళ్లెం తోసేసిన ఆ నడవ, తాను లోకమంతా అదేననుకున్నది, పైనుంచి చూస్తే వేలిగోరు కింద పట్టేంత కూడా లేదు. భయం వేయాల్సింది. భయం వేయలేదు. ఇంత లోకం పెట్టుకొని, దేవుడా, ఇంత లోకం పెట్టుకొని అనుకుంది.

మర్నాటి నుంచి పని ముగియగానే ఒక్కో వైపు పోయింది. పుట్టిన ఊరు దెగ్లూర్ వైపు పోతే అది బస్సు గంటల తరబడి కుదిపే ఊరు కాదు, కనుచూపు దూరం. వంట వేళ కాగానే తెర ఆర్పి లేచేది. ఆరిపోయినా కళ్లలో వెలుతురు ఉండేది.

విలాస్ ఒక రోజు పాత బిల్లేదో చూడడానికి మీట నొక్కాడు. “అరె! కొట్టంగనే అచ్చింది! వా రె వా,” అని నిలబడిపోయాడు. భార్య ఏం చేసిందో విని మెచ్చుకున్నాడు కూడా, అబద్ధమెందుకు. మెచ్చుకుంటూనే అన్నాడు, “ఇగ ల్యాప్‌టాప్ ఎందుకు? ఇదే దుకాణంకు తీస్కపోత. నువ్వు మధ్యానం అచ్చి కూసుంటె బిల్లులు ఆణ్నే అయిపోతయ్.”

“నాదే అన్నరు గద.”

“నీది, నాది ఏందే? దుకాణం ఎవలది? మనది గాదా?”

మంగళ రొట్టెల పిండి కలుపుతూ ఆ మాటను చాలాసేపు లోపల తిప్పుకుంది. మనది. దుకాణం బోర్డు మీద విలాస్ పేరు, తమ్ముడి పేరు ఉన్నాయి. రాబడి వచ్చినప్పుడు వాళ్లది, పని వచ్చినప్పుడు మనది. ఇప్పుడు ఈ మనదిలోకి డబ్బా పోతుంది, దాంతోపాటు తన మధ్యాహ్నాలు పోతాయి. ఆకాశం ఎంత ఉందో చూశాక మళ్లీ బిల్లుల సంచిలో తల పెట్టాలి. చూడకపోయి ఉంటే పెట్టేదేమో.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు మోడా దగ్గరికి జరుపుకొని అడిగింది. “మంగళా, ఇది మాహూర్ పోతదా?” రేణుకామాత దర్శనానికి ఏటా పోయిన మనిషి. మోకాళ్లు పోయినప్పటి నుంచి గుట్ట ఎక్కలేదు, ఎక్కించేవాళ్లూ లేరు.

“ఎందుకు పోదు, కూసోండ్రి.”

ఉత్తరానికి తిప్పింది. పొలాలు పోయి రాళ్ల నేల వచ్చింది, ముందు నీలంగా గుట్టలు లేచాయి. రఖమాబాయి నోరు తెరిచి, చీర కొంగు గుప్పిట్లో పట్టుకొని కూర్చుంది. “గిట్ల ఉంటదా పైకెళ్లి... అమ్మ మనల రోజు గిట్లనే చూస్తదా,” అంది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

అప్పుడే విలాస్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. “ఆటో బయట నిలవెట్టిన. బంద్ చెయ్, వైర్లు తీస్త,” అని స్విచ్ వైపు చెయ్యి చాపాడు.

“ముట్టకుండ్రి,” అంది మంగళ. గొంతు పెంచలేదు. “అత్తమ్మ గాలిల ఉన్నది.”

విలాస్ చెయ్యి అక్కడే ఆగింది. తల్లి వైపు చూశాడు. ఆమె అతని వైపు తిరగనైనా తిరగలేదు. “మాహూర్ అస్తున్నది, జర ఆగురా,” అంది.

“ఇది ఎటు పోదు,” అంది మంగళ, కళ్లు తెర మీదే ఉంచి. “రేపటి సంది బిల్లులు నేను కొట్ట. దుకాణంల మనిషిని పెట్టుకోండ్రి, జీతం ఇచ్చి.”

“ఏందే, ఇన్నేండ్లు కొట్టినవ్ గద! ఇప్పుడేమైంది?”

జవాబు ఇస్తే వాదన అవుతుంది, వాదనలో అతను నేర్పరి. మంగళ పుల్లను కొంచెం వెనక్కి లాగింది. గుట్టలు కిందికి వంగాయి, వాటి అవతల ఇంకా గుట్టలు, వాటి అవతల పైనగంగ నది వెండిలా సాగిపోతోంది. రఖమాబాయి రెండు చేతులెత్తి మొక్కింది. బయట ఆటో హారన్ కొట్టింది. విలాస్ కోపంతో ఏదో అనబోయి, తెర వైపు చూశాడు. ఆ చూపులో కూడా ఆ గుట్టలు పడ్డాయి.

“గదంత సరె,” అన్నాడు చివరికి, సగం విసుగ్గా, సగం ఇంకెట్లనో. “దిగుతవ్ ఎప్పుడు?”

“ఎక్కుడే అచ్చింది నాకు,” అంది మంగళ. “దిగుడు ఇంక నేర్చుకోలే.”