మిక్సీ బరువు

మా ఇంట్లో ప్రయాణమంటే సర్దడం నా పని, మోయడం నా పని, చేతులూపుకుంటూ ముందు నడవడం మా ఆయన పని. పరాయి దేశంలో ఉంటున్న మరిది, అత్తయ్యకని ఇచ్చిన మిక్సీ కూడా అలాగే నా సంచిలోకి చేరింది. పెట్టె విప్పి జార్లు విడిగా సర్దబోతే మా ఆయన గయ్యిమన్నారు. "వాడిచ్చింది విప్పి చూస్తావా? వాడేమన్నా దొంగా?" విప్పకుండానే దాని చుట్టూ పాప స్వెటర్లు కుక్కాను.

విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు దాని మోటారు ఊడదీస్తే లోపల బంగారు ముక్కలు. అప్పుడు మా ఆయన అన్న మాట చచ్చినా మరచిపోను. "ఆ సంచి ఆవిడది సార్. నాకేం తెలీదు." ఇన్నేళ్లు కాపురం చేశాక, యూనిఫాం కనబడగానే నేను 'ఆవిడ'నయ్యాను.

బంగారం ఎలాగూ జప్తయింది. ఇవాళ విచారణలో తేలాల్సింది నామీద జరిమానా. అది పడితే స్కూల్లో నా ఉద్యోగం ఊడుతుంది. "తెలుసని ఒప్పేసుకో, డబ్బు నేను కడతా. తమ్ముడి పేరు మాత్రం ఎత్తకు" అని దారంతా మా ఆయన నూరిపోశారు. నా ఉద్యోగం ఆయన లెక్కలోనే లేదు.

విచారణ గదిలో అధికారిణి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఆ మిక్సీ ఎవరిచ్చారమ్మా?"

"మా మరిది, మేడమ్." అనేశాను.

"అంత బరువుంటే అనుమానం రాలేదా?"

"మా ఇంట్లో నేను మోసేవి ఏవి తేలిగ్గా ఉన్నాయి మేడమ్, దీన్నొక్కదాన్నే అనుమానించడానికి?"

ఆమె నవ్వాపుకుని, విమానాశ్రయం కెమెరాలో పడిన దృశ్యం తెరమీద వేయించారు. సంచి లేవక తిప్పలు పడుతున్నాను. ముందెళ్లిపోయిన మా ఆయన్ని పిలిచి పిలిచి, చివరికి పక్కనున్న యూనిఫాం మనిషిని సాయం పట్టమని బతిమాలుతున్నాను. అతను కస్టమ్స్ మనిషే.

"లోపలేముందో తెలిసినవాళ్లు మా మనిషినే పిలిచి పట్టమనరు కదా," అన్నారు అధికారిణి. "మోసినంత మాత్రాన చాలదమ్మా. తెలిసే మోశారని మేం రుజువు చెయ్యాలి. ఇక్కడ అదేం లేదు. మీమీద జరిమానా వెయ్యడం లేదు."

గుండెల మీంచి బండ దించినట్టయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కాపురంలో మొదటిసారి మా ఆయన బద్ధకం నాకు పనికొచ్చింది!

బయట వరండాలో ఆయన తన చేతిసంచి అలవాటుగా నా ముందుకు చాపారు. "పట్టుకో, బండి తీసుకొస్తా."

"ఏముంది అందులో?"

"నీకెందుకే?"

"అయితే మీరే మోసుకోండి."

రెండు చేతులూ ఊపుకుంటూ, ఆయనకంటే ముందు మెట్లు దిగాను.