ఫ్యాను హోరు

తలుపు తెరుచుకుంది. అక్క తల అడ్డంగా ఊపింది. కంప్యూటర్ మళ్లీ ఆగిపోయిందన్నమాట. బయట కుర్చీలో కాచుకుని ఉన్న తమ్ముడికి ప్రాణం ఉసూరుమంది.

అక్క బస్టాండులో అనౌన్సర్. ఆమె నోరు విప్పితే గానీ ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. ఆ గొంతులోనే కంతి లేచింది. ఎల్లుండి ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఇక మాట ఉండదు. మనిషి చదువుతుంటే విని, ఆ గొంతు నేర్చుకుని, తర్వాత టైపు చేసిన మాటల్ని అదే గొంతుతో పలికే ప్రోగ్రాం ఒకటుందని తమ్ముడు పట్టుకొచ్చాడు. దానికి మామూలు కంప్యూటర్ చాలదు. షాపువాళ్లు బిగించి ఇస్తామన్నా వినకుండా, విడిభాగాలు కొని తనే బిగించాడు. "చూడక్కా, మంచుముద్దలా ఉంటుంది" అని కోతలు కూడా కోశాడు.

ఆ మంచుముద్ద ఇప్పుడు పెనంలా కాలుతోంది. ప్రోగ్రాం పాఠం పూర్తి కాకముందే ప్రాసెసర్ వేడి హద్దు దాటుతుంది, కంప్యూటర్ ఠక్కున ఆగిపోతుంది, అప్పటిదాకా నేర్చిందంతా గాలికి పోతుంది. అక్క మళ్లీ మొదటినుంచి చదవాలి. చదివిన ప్రతిసారీ గొంతు ఇంకాస్త అరిగిపోతోంది. పొద్దున ఖంగుమన్న గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోయింది.

"ఫ్యాను చప్పుడు నీకు అడ్డమొస్తోందా అక్కా?" అని అడిగాడు.

"చప్పుడేం లేదురా పిడుగూ. బాగుంది."

తమ్ముడు క్యాబినెట్ విప్పాడు. ప్రాసెసర్ మీది కూలర్ ఊడదీసి, వేడిని లాగే పాత పేస్టు శుభ్రంగా తుడిచి, కొత్తది రాసి బిగించాడు. కాగితం ముక్క అడ్డం పెట్టి ఫ్యాన్లు ఎటు గాలి లాగుతున్నాయో చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అక్కను బయట కూర్చోబెట్టి, తనే ఏదో చదువుతూ నడిపి చూస్తే నిక్షేపంగా నడిచింది.

అక్క లోపలికెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి మళ్లీ ఆగిపోయింది.

అతనికి భయం పట్టుకుంది. తను ఉంటే నడిచే యంత్రం ఆమె ఒంటరిగా ఉంటే ఎందుకు ఆగుతోంది?

"నన్ను చూస్తే చాలు, నోరు మూసుకుంటోందిరా" అంది అక్క. నవ్వబోయి దగ్గింది. "ఎల్లుండి నుంచి నేనూ అంతేగా."

జోకు వేసినందుకు ఆమె మీద కోపమొచ్చింది అతనికి.

చదివేటప్పుడు తలుపు తీయకూడదని ఇద్దరూ అనుకున్న మాట. కానీ ఈసారి తలుపు సందులోంచి కమురు వాసన వచ్చింది. అతను తోసుకుని లోపలికెళ్లాడు. అక్క మైకు ముందు కూర్చుని చదువుతోంది. పక్కన క్యాబినెట్ మీద ఉన్ని దుప్పటి కప్పి ఉంది, చలికి పసిపిల్లకు కప్పినట్టు, అంచులు కూడా కింద దోపి మరీ.

ఒక్క గుంజు గుంజాడు. లోపలినుంచి సెగ మొహానికి కొట్టింది.

"ఏంటక్కా ఇది!"

"హోరుగా ఉందిరా... నా మాట నాకే వినపడట్లేదు." ప్రతిసారీ తలుపు తీసే ముందు ఆ దుప్పటి మడిచి మంచం కింద పెట్టేదట. "అంత సరదాపడి బిగించుకున్నావు. చెబితే చిన్నబుచ్చుకుంటావని."

ఈ అక్కలు ఇంతే. వీళ్ల ప్రేమ తగలెయ్యా అనిపిస్తుంది ఒక్కోసారి. అతనికి ఒళ్లు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. మంచి గొంతంతా ఆ దుప్పటి కింద కాలిపోయింది, అదీ తన మొహం చిన్నబోకూడదని.

వైర్లు అందినంత దూరం క్యాబినెట్‌ను జరిపాడు. ఫ్యాన్లు గుక్కతిప్పుకోకుండా తిరిగాయి. ప్రాసెసర్ చల్లగా ఉంది. అక్క మిగిలిన బొంగురుతోనే మళ్లీ మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి పెదాలు కదులుతున్నాయి గానీ సగం గాలే వస్తోంది. ప్రోగ్రాం మాత్రం పాఠం పూర్తయిందని చూపించింది.

ఆపరేషన్ రోజంతా తమ్ముడు, ప్రోగ్రాం నేర్చిన ఆ గొంతులోంచి, మైకులో కలిసి పడ్డ ఫ్యాను హోరు తీసేయడానికి తంటాలు పడ్డాడు. హోరు తగ్గిస్తే అక్క గొంతు కూడా దాంతోపాటే పోతోంది. రెండూ అంతలా కలిసిపోయాయి. చివరికి అలాగే ఉంచేశాడు.

అక్క మెడకు కట్టుతో ఇంటికొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏదైనా టైపు చేయమన్నాడు. ఆమె తమ్ముడి మొహంలోకి ఒకసారి చూసి, నెమ్మదిగా టైపు చేసింది.

స్పీకర్లోంచి ఫ్యాను హోరు గదంతా నిండింది. అందులోంచి అరిగిపోయిన గొంతు ఒకటి పలికింది.

"చప్పుడేం లేదురా పిడుగూ. బాగుంది."