ఖాళీ నమూనా

ఆ సోమవారం ఇంట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్న భర్త, డాబా మీద కుండీల దగ్గర మామగారు, వంటగదిలో నిలబడే టీ తాగుతున్న కోడలు. పక్కింటి పిల్లిని కూడా కలిపి నలుగురంటారు మామగారు.

ఆయన మెట్టు మెట్టుకీ ఆగి దగ్గుతూ కిందికి దిగారు. ముప్పై ఏళ్ళు వీపున డబ్బా కట్టుకుని పరాయివాళ్ళ చేలలో పురుగుమందు కొట్టిన మనిషి. పట్టీలు ఒరుసుకున్న చోట భుజాల మీద రెండు నల్లటి చారలు ఇప్పటికీ ఉన్నాయి. చేతిలో చిక్కుడుకాయల సంచీ. దాని మీద అంటించిన కాగితంపై వణికే అక్షరాలతో ఆయనే రాసుకున్నారు: ఖాళీ.

"కడగొద్దు, గుర్తుందిగా."

"పదకొండేళ్ళుగా మోస్తున్నాను మామయ్యా."

"చెప్పడం నా పని."

మిగతా సోమవారాల్లో అయితే, "నన్ను కూడా రుబ్బి చూడమను మీ ల్యాబు మేడమ్‌ని, మిషన్ పేలిపోతుంది" అనేవారు. ఆ రోజు అనలేదు. ఆమె గమనించింది. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ల్యాబులో ఆమె పని తరగడం, రుబ్బడం, తూచడం. బజారు కూరల్లో మందు ఎంత మిగిలిందో తేల్చాలంటే, అసలు మందే తగలని కూర ఒకటి పక్కన ఉండాలి. దాన్నే అక్కడ ఖాళీ అంటారు. ఖాళీ దొరకడం చాలా కష్టం. ఎక్కడ కొన్నా ఏదో ఒకటి ఉంటుంది. ఒకసారి మామగారి చిక్కుడు పట్టుకెళ్తే మందు జాడే లేకుండా మిషన్లో గీత తిన్నగా వచ్చింది. అప్పట్నుంచీ ల్యాబు ఖాళీ ఆయన డాబా మీదే కాస్తోంది. ఆయనకి మిగిలిన గొప్ప అదొక్కటే.

పది గ్రాములు తూచి గొట్టంలో వేసింది. ద్రావకం పోసింది, ఉప్పు పొట్లం చింపి వేసింది, నిమిషం పాటు ఊపింది. గొట్టం అరచేతిలో వెచ్చబడింది. గిర్రున తిప్పే మిషన్లో పెట్టి, పైన తేరిన ద్రవాన్ని శుభ్రం చేసి చిన్న సీసాలోకి తీసింది.

మధ్యాహ్నం మేడమ్ పిలిచింది. తెర మీద గీత తిన్నగా సాగి, తొమ్మిదో నిమిషం దగ్గర సూదిలా లేచి, మళ్ళీ పడుకుంది.

"మీ ఖాళీలో ఏదో ఉందే."

"గొట్టం సరిగ్గా కడగలేదేమో మేడమ్."

ఇంకో గొట్టంతో మొదటినుంచీ చేసింది. తొమ్మిదో నిమిషం. సూది.

"పేనుబంక పురుగుకి కొట్టే మందు" అంది మేడమ్. "వచ్చే వారం నుంచి ఇంకెక్కడైనా చూసుకుందాంలే. ఆయనకి మెల్లగా చెప్పు."

"అలాగే మేడమ్."

మిగిలిన కాయలు చెత్తబుట్టలో వేసింది. సంచీ మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఏడవాలని అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. బస్సులో ముందు సీటు రెక్సిన్ చిరుగుని చూస్తూ కూచుంది. దిగాల్సిన చోటు వస్తే దిగింది.

మామగారు తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నారు.

"ఏమొచ్చింది?"

ప్రతి వారం చేసినట్టే సంచీని ఆయన తలుపు బయటి గడియకి తగిలించింది.

"ఖాళీయే మామయ్యా. గీత తిన్నగా వచ్చింది."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు.

"పోయిన వారం పేనుబంక పట్టింది. ఒక్క కాయ దక్కేలా లేదు. నువ్వు ఖాళీ చేతులతో వెళ్తావని ఓ మూతెడు మందు కలిపి కొట్టాను. మీ మిషన్ పట్టేస్తుందనుకున్నాను."

లోపల భర్త ఒత్తిగిలిన చప్పుడు వినిపించింది.

"అయితే పదకొండేళ్ళూ ఇలాగే చెప్పావా అమ్మాయ్?"

"లేదు మామయ్యా. ఈ ఒక్కరోజే."

"ఈ ఒక్కరోజే" అన్నారాయన. గొంతులో కోపం లేదు. లేచి, కుర్చీని లోపలికి లాక్కుని, ఆమె నిలబడి ఉండగానే తలుపు వేసుకున్నారు.

గడియకి వేలాడుతున్న సంచీ రెండుసార్లు ఊగి ఆగింది, ఆయన రాసిన అక్షరాలు ఆమె వైపే ఉన్నాయి.