పేరు లేనివాళ్ళకు ప్రవేశం లేదు

వంతెనకు నిప్పంటుకున్న సంగతి ముందుగా చూసింది వదిన.

"ఒసేయ్ మరదలా, నీ వంతెన మీద ఎవడో మంట పెట్టాడే! చూస్తున్నావా, నిద్రపోతున్నావా?"

ఫోన్లో ఆ కేక వినగానే పెద్దమ్మాయి ఉలిక్కిపడి కంప్యూటర్ తెర వైపు తిరిగింది. మేనత్త కూతురు వదిన మామూలుగా దేనికీ గొంతు పెంచదు. ఎదుటివాళ్ళ గొంతు పెంచడమే ఆమె పని.

నాన్నది మోటార్లు చుట్టే షాపు. వెనక గదిలో రాగితీగ చుట్టల మధ్య, వార్నిష్ వాసనలో ఒక పాత కంప్యూటర్ ఉంది. పిల్లల ఆట అంతా దాంట్లోనే నడుస్తుంది. దిమ్మెలు పేర్చి ఇళ్ళు, కొండలు కట్టుకునే ఆట అది. ఆ కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ అడ్రస్ తెలిసినవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆ లోకంలోకి రావచ్చు. అడ్రస్ ఇంట్లోవాళ్ళకే తెలుసు కదా, ఇంట్లోవాళ్ళకి తాళమెందుకని పెద్దమ్మాయి ఇన్నాళ్ళూ గేటు వేయలేదు. వదిన మాత్రం గొప్పకు పోయి తన క్లాసులో చెప్పింది. క్లాసు ఊరికి చెప్పింది.

బకెట్ తీసుకుని ఆటలోని కొండ దిగి పరిగెత్తింది పెద్దమ్మాయి. నాలుగు పలకలు కాలిపోయాయి. నీళ్ళు పోసి మంట ఆర్పింది. నిప్పు పెట్టినవాడు "హహహ" అని రాసి మాయమయ్యాడు.

ఆ వంతెన చెల్లెలి కోసం. ఏం చెప్పినా తల ఆడిస్తుందని చెల్లెల్ని ఇంట్లో అందరూ తొండ అంటారు. ఆటలో తొండది ఒక దీవి, అక్కది ఒక కొండ, మధ్యలో సముద్రం. "నాకు ఈత రాదు, నడిచి వచ్చేట్టు కట్టవే" అని ఆస్పత్రికి వెళ్ళే ముందు అడిగింది తొండ. ఇప్పుడు అది అద్దాల గదిలో ఉంది. ఒంట్లో జబ్బును తట్టుకునే శక్తి లేదని, బయటి గాలి కూడా తగలకూడదని డాక్టర్లు అన్నారు. లోపలికి ఒక్కరినే రానిస్తారు. ఆ ఒక్కరూ అమ్మ. పెద్దమ్మాయి వెళ్ళినప్పుడు గేటు దగ్గరి మనిషి కాగితం చూసి, "నీ పేరు లేదమ్మా" అని వెనక్కి పంపేశాడు.

రేపు పొద్దున్నే ఆపరేషన్. ఈ సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చేదాకా ఫోన్ చూసుకోనిస్తానంది నర్సు. అంటే తొండ వంతెన మీద నడవాలంటే ఈ సాయంత్రమే నడవాలి. రేపటి సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. నాన్న పొద్దుట్నుంచి ఒకే మోటారు విప్పుతున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఇంకొకడు వచ్చాడే," అంది వదిన. "నిన్నటివాడే అయ్యుంటాడు."

నిన్నటివాడు గడుసువాడు. వదిన పేరులో ఒక h ఎక్కువ పెట్టుకుని వచ్చాడు. వదినే అనుకుని పెద్దమ్మాయి కబుర్లు కూడా చెప్పింది. వాడు అన్నీ విని తొండ బాతుల గూడు పేల్చేసి పోయాడు.

"ఇక లాభం లేదు. గేటు వేసేస్తున్నా," అంది పెద్దమ్మాయి.

ఆ ఆటలో వైట్ లిస్ట్ అని ఒకటి ఉంది. అందులో పేరున్నవాళ్ళే లోపలికి వస్తారు, మిగిలినవాళ్ళు బయటే. తన పేరు, వదిన పేరు, తొండ పేరు ఎక్కించింది. thonda అని ఒక్కో అక్షరం నొక్కి చూసుకుంది. గేటు పడగానే లోపలున్న పరాయివాళ్ళందరూ టపటపా రాలిపోయారు.

"హమ్మయ్య! ఈ బుద్ధి ముందే ఉండాల్సింది," అంది వదిన.

"ఊరంతా చాటింపు వేసింది నువ్వు, బుద్ధి నాకుండాలా?"

"సరేలే, తప్పయింది. పలకలు ఇవ్వు, నేనూ పేరుస్తా."

ఇద్దరూ కాలిన చోట పలకలు పేర్చడం మొదలుపెట్టారు. బయట తలుపు తడుతున్నవాళ్ళ పేర్లు తెర పక్కన వరసగా పడుతున్నాయి. వాటిలో ఒక పేరు చూసి పెద్దమ్మాయి చెయ్యి ఆగింది. tonda. మళ్ళీ అదే. మళ్ళీ మళ్ళీ అదే.

"చూశావా, ఈసారి తొండ పేరు ఎత్తుకొచ్చాడు! h ఎగ్గొట్టాడు," అంది పళ్ళు నూరుతూ. "జబ్బు పిల్ల పేరుతో వస్తాడా? వీడి తాడు తెగ!"

ఆ పేరుకు శాశ్వతంగా నిషేధం పెట్టేసింది. తట్టడం ఆగిపోయింది. ఒళ్ళు మండుతున్నప్పుడు చేసిన పని ఎంత చల్లగా ఉంటుందో ఆ క్షణంలో అంత చల్లగా అనిపించింది.

అమ్మ ఫోన్ వచ్చింది.

"ఏమే, దాన్నెందుకు గెంటేశావు?" అమ్మ గొంతు మాస్కులోంచి పూడుకుపోయి వస్తోంది. "తెర మీద ఇంగ్లీషులో ఏదో పడింది. నర్సమ్మని చదవమంటే, 'నిన్ను వెలేశారంట పాపా' అంది. అప్పట్నుంచి గోడకి తిరిగి పడుకుంది."

ఆ tonda తొండే. అమ్మ ఫోన్లో ఆట కొత్తగా ఎక్కించుకున్నారు. పేరు తొండే సొంతంగా కొట్టుకుంది. త అంటే t చాలనుకుంది. h పెట్టాలని ఇంట్లో ఎవరు చెప్పారు దానికి?

"అమ్మా, దానికివ్వు. ఒక్కసారి ఇవ్వు."

"మాట్లాడదట. ఏమంటోందో తెలుసా? 'ఇక్కడ అందరూ మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడతారు. అక్క ఆటలో కూడా దూరం పెట్టింది, నా జబ్బు అంటుకుంటుందని' అంటోంది."

పెద్దమ్మాయి వేళ్ళు గబగబా నిషేధం తీసేశాయి, tonda అని లిస్టులో ఎక్కించాయి. "ఇప్పుడు రమ్మనమ్మా, ఇప్పుడు వస్తుంది!"

కాసేపు ఫోన్లో గుసగుసలు.

"ఆ పేరుతో రాదట. ఇంకేదో పేరు పెట్టుకుందట."

"ఏం పేరు?"

"చెప్పదట. చెబితే అక్క మళ్ళీ గెంటేస్తుందట."

"నువ్వు చూసి చెప్పమ్మా!"

"చూపిస్తేనా? ఫోన్ గుండెకి హత్తుకుని కూర్చుంది. లాక్కోనా చెప్పు, చేతికి సూది గుచ్చి ఉంటే?" అమ్మ ఏడుపు ఆపుకుంటోంది. "నర్సమ్మ ఇంజెక్షన్ పట్టుకుని వచ్చేస్తోందే."

తెర పక్కన పేర్లు జోరుగా పడుతున్నాయి. గేటు పడిందని తెలిసి పరాయివాళ్ళు పంతం పట్టారు. పది రకాల పేర్లు, అన్నీ ఒకేసారి తలుపు తడుతున్నాయి. వాటిలో ఒకటి తొండ. ఏదో తెలియదు. ఒక్కొక్కటీ ఎక్కించి చూసే సమయం లేదు.

"గేటు తీసేస్తున్నా," అంది పెద్దమ్మాయి.

"పిచ్చా నీకు?" వదిన అరిచింది. "అందరూ పడతారు! వంతెన ఉండదు!"

"వంతెన ఎవరికోసమే? అది రాకపోతే దాని మీద నేను ఊరేగనా?"

వైట్ లిస్ట్ తీసేసింది.

కట్ట తెగిన చెరువులా వచ్చిపడ్డారు. ఒకడు కొండను తవ్వాడు. ఇద్దరు వంతెన మొదట్లో నిప్పు పెట్టారు. వదిన బకెట్‌తో అటు పరిగెత్తుతూ వాళ్ళ ఏడు తరాలనూ తిడుతోంది. పెద్దమ్మాయి కళ్ళార్పకుండా పేర్లు చూస్తోంది. అంకెల పేర్లు, వెకిలి పేర్లు, హీరోల పేర్లు.

వాటి కింద ఒకటి పడింది. nene.

నేనే.

తలుపు తట్టినవాళ్ళని ఎవరు అని అడిగితే, పరాయివాళ్ళు పేరు చెబుతారు. పేరు అక్కర్లేని మనిషే "నేనే" అంటుంది. పెద్దమ్మాయి కుర్చీలోంచి సగం లేచిపోయింది. దీవి వైపు చివర చిన్న బొమ్మ ఒకటి నిలబడి ఉంది, కదలకుండా, గెంటేస్తారేమో అన్నట్టు.

"రావే," అని రాసింది. రెండక్షరాలకు మూడుసార్లు తప్పు కొట్టింది. "నడిచి రా. నీ కోసమే కట్టాను."

బొమ్మ ఒక పలక మీద అడుగు పెట్టింది. ఆగింది. తెర మీద మాటలు పడ్డాయి.

"అక్కా ఇంతమంది ఉన్నారేంటి? అందరూ నా కోసమే వచ్చారా?"

పెద్దమ్మాయికి తెర మసకబారింది. చేత్తో కళ్ళు తుడుచుకుని, "అవునే. అందరూ నీ కోసమే," అని రాసింది.

వెనక మంట వంతెన మధ్యదాకా వచ్చేసింది. తను నిలబడ్డ పలక కాలుతున్నా చూసుకోకుండా, కూలిన చోటల్లా చెల్లెలి అడుగుకు ముందు ఒక్కో పలక వేస్తూ, ఎదురు వెళ్ళింది.